పెండ చూడకుండా, నెత్తురు చూడకుండా మందు పోయకండి

మిరుగం దాటింది. వానలు పట్టాయి. మల్యాల చుట్టుపక్కల చెలకల్లో, చెరువు శిఖాల్లో, కాలువ గట్ల మీద పచ్చిక లేస్తోంది. ఎండకాలమంతా ఎండుగడ్డి నమిలిన జీవాలు దాని మీద ఆత్రంగా పడతాయి. ఆ లేత గడ్డితో పాటే నట్టల పిల్లలు కడుపులోకి దిగుతాయి. ఇంకో నాలుగైదు వారాలు గడిస్తే మందుల దుకాణాల ముందు మీరే నిలబడతారు. "గొర్రె నీరసంగా ఉంది, ఏదన్న మందియ్యి" అంటారు. వాళ్లు ఒక సీసా ఇస్తారు. ఇంటికి తెచ్చి పిల్లకూ, పెద్దదానికీ, సూడిదానికీ ఒకే మూత కొలతతో పోస్తారు.

ఈసారి అలా చేయకండి. చేతులు జోడించి అడుగుతున్నాం. జబ్బేమిటో తెలియకుండా పోసే మందుతో డబ్బు పోతుంది. అంతకన్నా విలువైన నాలుగు రోజులు పోతాయి. ఆ నాలుగు రోజుల్లోనే జీవం చెయ్యి దాటిపోతుంది.

పెండనూ, నెత్తురునూ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే జబ్బు తెలుస్తుంది. ఆ పని నేర్చుకునే పిల్లలు మన దగ్గరే ఉన్నారు. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. కరీంనగర్‌లో పశుసంవర్ధక పాలిటెక్నిక్ ఉంది. పదో తరగతి తర్వాత రెండేళ్ల డిప్లొమా చేసి ఊళ్లకు వస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. గోపాలమిత్రలు ఉన్నారు. అందుకే ఇందులో సగం మాటలు రైతులకు, సగం ఆ పిల్లలకు. ఇద్దరూ మొత్తం చదవండి. ఒకరి పొరపాటు ఇంకొకరి కష్టాన్ని మట్టిపాలు చేస్తుంది.

ముందుగా గొర్రెలు. 2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో నిలిచింది. అంతకు రెండేళ్ల ముందు, 2017లో మొదలైన పంపిణీ పథకంలో ఒక్కో కుటుంబానికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. వాటిలో చాలా జీవాలు పక్క రాష్ట్రాల నుంచి లారీల్లో వచ్చాయి. మందలు పెరిగాయి, మేసే జాగా పెరగలేదు. ఒకే బీడులో రోజూ మేస్తే ఆ నేల నట్టలతో నిండుతుంది.

ఈ నట్టల్లో అన్నిటికన్నా చెడ్డది హీమాంకస్. గొర్రె నాలుగో కడుపులో చేరి నెత్తురు తాగుతుంది. ఒక్కో నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్లు తాగుతుందని లెక్క. వెయ్యి నట్టలుంటే 50 మిల్లీలీటర్లు. ఐదు వేలుంటే 250. పాతిక కిలోల గొర్రె ఒంట్లో ఉండే మొత్తం నెత్తురు రెండు లీటర్లకు లోపే. ఎన్ని రోజులు నిలుస్తుందో మీరే చూసుకోండి. పైగా ఆడ నట్ట రోజుకు వేల గుడ్లు పెడుతుంది. ఒక్క జబ్బు గొర్రె బీడంతా గుడ్లు చల్లుతూ తిరుగుతుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. పారుకుంటేనే నట్టలు అనుకుంటారు. హీమాంకస్ పట్టిన గొర్రె సాధారణంగా పారుకోదు. పెండ గట్టిగానే ఉంటుంది. మేత కూడా తింటుంది. మందలో చివరన నడుస్తుంది. పొద్దుగూకే వేళకు దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది, తెల్లారేసరికి తగ్గుతుంది. తగ్గింది కదా అని ఊరుకుంటారు. మూడో రోజు కొట్టంలో పడి ఉంటుంది.

కనురెప్ప కిందికి లాగి లోపలి రంగు చూడండి. ఎర్రగా ఉంటే మంచిది. గులాబీ రంగు పాలిపోయి తెల్లబడుతుంటే ప్రమాదం. దక్షిణాఫ్రికా పశువైద్యుడు ఫాఫా మలన్ ఈ రంగును ఐదు మెట్లుగా విడగొట్టి ఒక చార్టు తయారుచేశాడు. ఆయన పేరుతోనే ఫమాచా అంటారు. చదువు అక్కర్లేదు, పగటి వెలుతురు చాలు. కానీ ఒక సంగతి మరవకండి. రెప్ప తెల్లబడిందంటే నెత్తురు తగ్గిందనే అర్థం. ఎందుకు తగ్గిందో రెప్ప చెప్పదు. హీమాంకస్ కావచ్చు, కార్జపు జలగ కావచ్చు, గోమార్లు కావచ్చు, నెత్తుటిలో దూరిన క్రిమి కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో మందు. అందుకే ల్యాబు.

కార్జపు జలగ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ, వరద కాలువ మన పొలాలను తడుపుతున్నాయి. ఒకప్పుడు వేసవిలో నెర్రెలిచ్చిన చోట ఇప్పుడు ఏడాదంతా చెమ్మ. మంచిదే. కానీ కాలువ పక్క మడుగుల్లో, వరి మడి చివర నిలిచిన నీళ్లలో నత్తలు చేరతాయి. జలగ పిల్ల ముందు నత్తలో పెరుగుతుంది, తర్వాత గడ్డికి అంటుకుంటుంది, ఆ గడ్డి మేసిన పశువు కార్జంలోకి చేరుతుంది. ఇంకో రకం నత్తతో పొట్ట జలగలు వస్తాయి. వాటి పిల్లలు పేగుల్లో గుంపుగా ఉన్నప్పుడు గొర్రెలు నీళ్లలా, దుర్వాసనతో పారుకొని గంపగుత్తగా చస్తాయి.

ల్యాబులో కూర్చునే పిల్లలూ, ఇది మీకు. పెండను ఉప్పునీళ్లలో కలిపి పైకి తేలిన గుడ్లను చూసే పద్ధతి సులువు. గుండ్రపు నట్టల గుడ్లు అందులో తేలతాయి. జలగల గుడ్లు బరువు, అవి అడుక్కి పోతాయి. తేలగొట్టే పరీక్ష ఒక్కటే చేసి "నట్టలు లేవు" అని రాస్తే, కార్జం నిండా జలగలున్న బర్రె ఆరోగ్యంగా ఉందని రాసినట్టే. రైతు మీ కాగితాన్ని నమ్ముతాడు. మందు మానేస్తాడు. దయచేసి కాలువ నీళ్లు తాగే ప్రతి పశువు పెండనూ రెండు విధాలుగా చూడండి: తేలగొట్టి ఒకసారి, నీళ్లలో కడిగి కడిగి అడుగు మడ్డి తీసి ఇంకోసారి. మడ్డిలో ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేస్తే చుట్టూ నీలమై, కార్జపు జలగ గుడ్డు పసుపు బంగారు రంగులో తేటగా కనబడుతుంది. పొట్ట జలగ గుడ్డుకు ఆ పసుపు ఉండదు. ఈ తేడా కంటికి అలవాటు కావాలి. ఫోన్‌లో వీడియో చూస్తే రాదు. మాస్టారు పక్కన నిలబడి "మళ్లీ చూడు" అంటుంటే పదుల స్లైడ్లు చూసిన తర్వాత వస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. గుడ్లు కనబడకపోతే నట్టలు లేవని కాదు. కార్జపు జలగ పెరిగి గుడ్డు పెట్టడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. పొట్ట జలగ పిల్లలు గుడ్లు పెట్టే ఈడు రాకముందే గొర్రెను చంపుతాయి. కాబట్టి రిపోర్టులో "గుడ్లు కనబడలేదు" అని రాయండి. "జబ్బు లేదు" అని రాయకండి. జీవం నీరసంగా ఉందని రైతు చెబుతుంటే డాక్టరు గారికి వెంటనే కబురు చెప్పండి. మీ స్లైడు కన్నా ఆ రైతు కన్ను ముందు చూసి ఉండవచ్చు.

బర్రె దూడల సంగతి చాలా ఇళ్లలో పట్టించుకోరు. పుట్టిన రెండు మూడు వారాలకే పొట్ట ఉబ్బి, మట్టి రంగులో పారుకుని చనిపోతుంటే "పాలు ఎక్కువై అరగలేదు" అంటారు. చాలాసార్లు అది తల్లి పాలతోనే దూడకు చేరే పెద్ద ఏలికపాము. పుట్టిన రెండో వారంలో డాక్టరు చెప్పిన మందు పడితే దూడ బతుకుతుంది. అంత చిన్న దూడకు నట్టలేమిటని వదిలేయకండి.

ఇప్పుడు నెత్తురు. హెచ్ఎఫ్, జెర్సీ సంకర ఆవులు పెంచే వాళ్లంతా ఇది జాగ్రత్తగా వినండి. ఆవుకు 104, 106 డిగ్రీల జ్వరం. పాలు ఒక్కపూటలో సగానికి పడిపోయాయి. జబ్బ ముందు గడ్డ తేలింది. వెంటనే ఎవరినో పిలిచి జ్వరం సూది, దానితో ఒక యాంటీబయాటిక్ వేయిస్తారు. పొద్దున్నే కాస్త తగ్గినట్టుంటుంది. సాయంత్రం మళ్లీ. ఇంకో సూది. ఐదో రోజుకు ఆవు లేవదు.

గోమార్ల వల్ల వచ్చే థైలీరియా అలా ఉంటుంది. బబీసియా కూడా గోమార్ల వల్లే వస్తుంది, మూత్రం కాఫీ రంగులో పడుతుంది. జోరీగలు మోసే సర్రా రోగంలో జ్వరం వస్తూ పోతూ ఉంటుంది, పశువు గుండ్రంగా తిరుగుతుంది, బర్రె ఒక్కోసారి ఉన్నట్టుండి పడిపోతుంది. అనాప్లాస్మాలో ఒళ్లు పాలిపోయి కళ్లు పచ్చబడతాయి, మూత్రం మాత్రం ఎర్రబడదు. నాలుగింటికీ జ్వరం ఉంది, నాలుగింటిలోనూ పాలు పడిపోతాయి. మందులు మాత్రం వేరు. థైలీరియాకు బుపార్వాక్వోన్, బబీసియాకు డైమినజిన్, సర్రాకు క్వినాపైరమిన్ లాంటివి, అనాప్లాస్మాకు ఆక్సిటెట్రాసైక్లిన్. థైలీరియా పట్టిన ఆవుకు డైమినజిన్ వేసి మూడు రోజులు ఎదురుచూస్తే ఆ మూడు రోజులూ క్రిమికే. బుపార్వాక్వోన్ ఖరీదైన మందు. అనుమానంతో కొనలేరు, తెలిశాక ఆలస్యం చేయకూడదు. చెవి చివర ఒక్క చుక్క నెత్తురు చాలు ఆ నిర్ణయానికి.

ఆ చుక్కను చిన్నచూపు చూడకండి. 1880లో డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు గుర్రాల, ఒంటెల నెత్తుటిలో కదులుతున్న సర్రా క్రిమిని చూశాడు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాద్‌లోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపు కోసి మైక్రోస్కోపు కింద మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. వాళ్ల చేతిలో ఉన్న పనిముట్టు కన్నా మంచిది ఇవాళ మన కళాశాలల్లో ఉంది.

కానీ ఆ చుక్క కొట్టం నుంచి ల్యాబు బల్ల మీదికి వచ్చేలోపే పాడవుతోంది. అన్నిటికన్నా ఎక్కువ భయం దీని గురించే. చెడిన నమూనా తప్పు జవాబు చెబుతుంది. తప్పు జవాబు అసలు జవాబు లేకపోవడం కన్నా చేటు. అప్పుడు అందరూ నిశ్చింతగా తప్పు మందు వేస్తారు.

ఏం చేస్తే పాడవుతుందో చెబుతాను, చేతులకు అలవాటయ్యేదాకా గుర్తుంచుకోండి. మందు వేసిన తర్వాత నెత్తురు తీస్తే క్రిమి కనబడకపోవచ్చు. ముందే తీయాలి, జ్వరం ఉన్నప్పుడే తీయాలి. స్లైడు మీద చుక్కను మందంగా పూస్తే కణాల మీద కణాలు పడి ఏమీ కనబడదు. నాలుకలా పలచగా అంచు రావాలి. గాలికి వెంటనే ఆరబెట్టాలి. ఆరేలోపు ఈగ వాలితే నెత్తురును నాకేస్తుంది. ఆరాక మిథనాల్‌లో ముంచాలి, ఆ మిథనాల్‌లో నీళ్లు కలిసి ఉంటే కణాల్లో గుంతలు పడతాయి, చేయి తిరగనివాళ్లు ఆ గుంతలనే క్రిములనుకుంటారు. జీమ్సా రంగు సరిగా వడకట్టకపోతే నల్ల చుక్కలు మిగులుతాయి, వాటినీ క్రిములని రాసినవాళ్లున్నారు. స్లైడ్లను ఫ్రిజ్‌లో పెట్టకండి, చెమ్మ పడుతుంది. ఫార్మలిన్ సీసా ఉన్న పెట్టెలో స్లైడ్లు పెట్టి పంపకండి. మూత బిగించే ఉన్నా దాని ఆవిరి తగిలితే రంగు పట్టదు. ఇది చాలామందికి తెలియదు.

గొట్టంలోకి తీసే నెత్తురుకు వేరే జాగ్రత్త. ఊదా మూత గొట్టంలో గడ్డకట్టనివ్వని మందు ఉంటుంది. గీత దాకా నింపండి. సగమే నింపితే మందు ఎక్కువై కణాలు ముడుచుకుంటాయి, ఉన్నదానికన్నా నెత్తురు తక్కువగా ఉన్నట్టు లెక్క వస్తుంది. నింపిన వెంటనే ఎనిమిది పదిసార్లు మెల్లగా తలకిందులు చేయండి. గట్టిగా ఊపితే కణాలు పగులుతాయి. ఐస్ ముక్కకు నేరుగా ఆనించి పెట్టినా పగులుతాయి, గుడ్డ చుట్టి పెట్టండి. పశువు ఈసుకుపోయే బ్రూసెల్లా జబ్బు పరీక్షకు కావలసింది ఎర్ర మూత గొట్టం. అందులో నెత్తురు గడ్డకట్టి పైన తేట రావాలి. దాన్ని ఊదా మూత గొట్టంలో పంపి "పరీక్ష చేయండి" అంటే వాళ్లు ఏమీ చేయలేరు.

ఇక పెండ. నేల మీద పడిన పెండ తీయకండి. మట్టిలో ఉండే వేరే పురుగులు అందులో చేరతాయి, వాటినే నట్టలని పొరబడతారు. చేతికి తొడుగు వేసుకుని పెద్దపేగు చివర నుంచి నేరుగా తీయాలి. పది గ్రాములు చాలు. డబ్బా అంచు దాకా నింపండి, లోపల గాలి ఉంటే గుడ్లు తొందరగా పొదుగుతాయి. మన ఎండలో ఒక్క రోజు బయట ఉంచినా గుడ్లు పిల్లలై లెక్క పడిపోతుంది. చల్లగా ఉంచండి, గడ్డ కట్టించకండి. డబ్బా మీద చెవి పోగు నంబరు, తేదీ, వేళ, చివరిసారి ఏ మందు ఎప్పుడు పోశారో రాయండి. మూత మీద రాయకండి, మూతలు మారిపోతాయి.

గుడ్లు లెక్కపెట్టే మెక్‌మాస్టర్ గాజుపలక దగ్గర ఇంకో తప్పు జరుగుతుంది. గ్రాముకు ఎన్ని గుడ్లు అన్నది పెండ ఎంత తూచారు, ఉప్పునీళ్లు ఎంత కలిపారు అన్నదాని మీద ఆధారపడుతుంది. కంటి అంచనాతో చిటికెడు వేసి లెక్కగట్టకండి. తూకం వేయండి. ఆ ఒక్క అంకె మీద మందు పనిచేస్తోందా లేదా అన్న తీర్పు వస్తుంది.

ఆ తీర్పు ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. ఏళ్ల తరబడి ఒకే అల్బెండజోల్, ఒకే ఫెన్‌బెండజోల్, అదీ తక్కువ మోతాదులో పోసిపోసి, ఆ మందుకు చావని నట్టలను మనమే పెంచుతున్నాం. దేశంలో చాలా చోట్ల గొర్రెల్లో ఇది కనబడింది. మన మందలో ఉందో లేదో తెలుసుకునే దారి సులభం. మందు వేసే రోజు పది పదిహేను జీవాల పెండ చూపించండి. 10 నుంచి 14 రోజుల మధ్య వాటి పెండే మళ్లీ చూపించండి. గుడ్లు 95 శాతం కన్నా తక్కువ తగ్గితే ఆ మందు మీ మందలో ఓడిపోతోందన్నమాట. సర్కారు నట్టల నివారణ మందు వేసే రోజును తప్పక వాడుకోండి, ఆ తర్వాత రెండో వారంలో పెండ పట్టుకుని దవాఖానకు వెళ్లండి.

మందు పనిచేయడం లేదని సొంతంగా మోతాదు పెంచడం అంతకన్నా ప్రమాదం. క్లోసాంటెల్ ఎక్కువైతే గొర్రె, మేక గుడ్డివవుతాయి. ఆ చూపు చాలాసార్లు తిరిగి రాదు. సూడి కట్టిన తొలి రోజుల్లో అల్బెండజోల్ పోస్తే కడుపులో పిల్లకు చేటు. బరువు చూడకుండా, సూడి సంగతి చెప్పకుండా ఏ మందూ అడగకండి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం రిజిస్టరైన పశువైద్యుడి పని. డిప్లొమా చదివిన పిల్లలు ఆయన పర్యవేక్షణలో చిన్న సేవలు చేయవచ్చు. స్లైడు చూడడం వచ్చింది కదా అని ఊళ్లో వైద్యం మొదలుపెట్టకండి, తమ్మీ. నీ కన్ను ఆయనకు కావాలి, ఆయన తీర్పు నీకు కావాలి.

ఇప్పటిదాకా చెప్పింది జీవాల కోసం. ఇక మీ కోసం.

ఉన్నట్టుండి చచ్చిన గొర్రె, ఆవు. ముక్కు నుంచి, వెనక నుంచి నల్లటి నెత్తురు, గడ్డకట్టదు. పొట్ట త్వరగా ఉబ్బుతుంది, కాళ్లు బిగుసుకోవు. ఆగండి. కోయకండి. తోలు తీయకండి. మాంసం పంచుకోకండి. ఎందుకు చచ్చిందో చూద్దామని పొట్ట చీల్చకండి. అది ఆంత్రాక్స్ అనే దొమ్మ రోగం కావచ్చు. కోయని శవంలో ఆ క్రిమి కుళ్లుతో పాటే చాలామటుకు చస్తుంది. కోస్తే గాలి తగిలి గట్టి విత్తుగా మారి ఆ నేలలో దశాబ్దాలు నిలుస్తుంది. 2021 అక్టోబరులో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలం చాపలబండలో గొర్రెల్లో ఈ రోగం కనబడింది. మనకు దూరమేమీ కాదు. విశాఖ మన్యంలో చచ్చిన పశువు మాంసం ముట్టినవాళ్లకు చేతుల మీద నల్ల పుండ్లు పడ్డ సంఘటనలు ఎన్నోసార్లు జరిగాయి. చెవి నరం నుంచి ఒక్క స్లైడు, తొడుగులు వేసుకున్న డాక్టరు చేతితో, అంతే. నేర్చుకుంటున్న పిల్లలు ఇది సొంతంగా ప్రయత్నించకండి. పోస్టుమార్టం చేస్తే అనుభవం వస్తుందన్న ఉత్సాహం ఇక్కడ వద్దు.

ఆవు ఈసుకుపోయింది, మాయ పడలేదు. ఇంట్లో ఆడవాళ్లే ఒట్టి చేతులతో దాన్ని లాగుతారు, కొట్టం కడుగుతారు. బ్రూసెల్లా అయితే నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు. టైఫాయిడ్ అని, టీబీ అని తిరుగుతారు. అక్కా, చెల్లీ, అలాంటి జ్వరం వస్తే "మా ఆవు ఈసుకుపోయింది" అని మీ డాక్టరుకు చెప్పండి. ఆ ఒక్క మాట దారి చూపిస్తుంది. పాలు కాచే తాగండి. గాలికుంటు, బ్రూసెల్లా నివారణకు 2019 సెప్టెంబరులో దేశమంతటా కార్యక్రమం మొదలైంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆడ దూడలకు టీకా వేస్తారు. టీకా వేసే పిల్లలు సూది తమ వేలికి గుచ్చుకుంటే దాచకండి. అందులో ఉండేది ప్రాణమున్న క్రిమి. ఆ రోజే దవాఖానకు వెళ్లండి.

చొంగ కారుస్తూ, గొంతు మారి అరుస్తున్న పశువు నోట్లో చేయి పెట్టకండి. ఏదో అడ్డుపడిందని అనిపిస్తుంది. పిచ్చికుక్క కరిచిన పశువు అలాగే ఉంటుంది. రేబిస్ మొదలయ్యాక మనిషిని కాపాడే మందు లేదు.

గోమార్లను వేళ్ల మధ్య నలిపి చంపకండి. 2011 జనవరిలో గుజరాత్‌లో క్రిమియన్ కాంగో జ్వరం బయటపడ్డప్పుడు రోగికి వైద్యం చేసిన డాక్టరు, నర్సు కూడా చనిపోయారు. ఆ జ్వరాన్ని మోసేది మన పశువుల మీదా కనబడే హయలోమా జాతి గోమారే. పరీక్షకు గోమారు కావాలంటే పట్టుకారుతో తీసి స్పిరిట్ సీసాలో వేయండి.

హిమోగ్లోబిన్ చూసే పాత సాలీ పద్ధతిలో నెత్తురును సన్నటి గాజుగొట్టంలోకి నోటితో పీలుస్తారు. దయచేసి నోరు పెట్టకండి. రబ్బరు బల్బు అడగండి, ఇవ్వకపోతే ఆ పని ఆపి మళ్లీ అడగండి. వాడిన సూదికి మూత తిరిగి బిగించకండి, ఎక్కువ పోట్లు అక్కడే పడతాయి. ఒకే సూదితో మంద మొత్తం నెత్తురు తీయకండి. అనాప్లాస్మా, సర్రా సూది మొన మీద ఒక జీవం నుంచి ఇంకో జీవానికి వెళ్తాయి. జబ్బు కనిపెట్టడానికి వెళ్లి జబ్బు పంచి వచ్చిన వాళ్లం అవుతాం.

ఇంకొకటి ప్రతి ఇంటికీ సంబంధించింది. కొండగట్టుకో వేములవాడకో మొక్కు తీర్చుకుని వచ్చి ఇంటి దగ్గర, లేదా బోనాలకు, దావత్‌లకు యాట కోస్తాం. కార్జం మీద, ఊపిరితిత్తుల మీద నీటి బుడగలు కనబడితే ఆ ముక్క కోసి కుక్కకు వేస్తాం. ఆ బుడగలో ఉన్నది కుక్క పేగులో పెరిగే చిన్న బద్దెపురుగు పిల్ల. కుక్క దాన్ని తింటే పేగులో పెద్దదై గుడ్లు పెడుతుంది. అవి కుక్క బొచ్చుకు, మట్టికి, మన పిల్లల చేతులకు అంటుతాయి. మనిషి కార్జంలో అదే బుడగ ఏళ్ల తరబడి పెరిగి ఆపరేషన్ దాకా తీసుకెళ్తుంది. గొర్రె తల కుక్కకు వేసినా ఇలాంటి ఇంకో పురుగు వస్తుంది. దానివల్లే మందలో గొర్రె ఒకే వైపు గుండ్రంగా తిరిగి తిరిగి చస్తుంది. బుడగలున్న ముక్కలు కాల్చండి, లేదా కుక్క తవ్వలేనంత లోతుగా పూడ్చండి. పెంపుడు కుక్కకు డాక్టరు చెప్పిన మందు వేయించండి. యాట కోసేవాళ్లకు ఈ మాట చేరేయండి, మీరు చెబితే వింటారు.

సర్పంచులకు, పాల సంఘాల పెద్దలకు ఒక విన్నపం. మీ మండల పశువుల దవాఖానకు ఈ వారం ఒకసారి వెళ్లండి. మైక్రోస్కోపు పనిచేస్తోందా, 100 లెన్సుకు నూనె ఉందా, జీమ్సా రంగు గడువు దాటలేదు కదా, ఊదా మూత గొట్టాలు, చేతి తొడుగులు, ఐస్ పెట్టె ఉన్నాయా అని చూడండి. అక్కడివాళ్ల మీద అరవడానికి కాదు. వాళ్లు ఒక్కరే పది ఊళ్లు చూస్తున్నారు. లేనివి తెప్పించడానికి మీరు కలిసి నిలబడితే వాళ్లకు బలం. కళాశాల పిల్లలు శిక్షణకు వస్తే మీ కొట్టాల్లో నమూనాలు తీసుకోనివ్వండి. మీ పశువుకు పైసా ఖర్చు లేకుండా పరీక్ష అవుతుంది, ఆ పిల్లలకు చేయి తిరుగుతుంది.

అంగట్లో కొన్న ఆవును, వేరే జిల్లా నుంచి తెచ్చిన గొర్రెను, గుడి నుంచి పెంపకానికి తెచ్చుకున్న కోడెను ఆ రోజే మందలో కలపకండి. రెండు మూడు వారాలు వేరుగా కట్టండి. గోమార్లు తీయించండి, ఒక నెత్తుటి స్లైడు, ఒక పెండ డబ్బా పంపండి. ఆరోగ్యంగా కనబడే ఆవు నెత్తుటిలోనే థైలీరియా నిశ్శబ్దంగా ఉండగలదు. దాని మీద కుట్టిన గోమారు మీ పాత ఆవుకు అంటిస్తుంది. సంకర ఆవులున్నవాళ్లు థైలీరియా టీకా గురించి డాక్టరును అడగండి. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ దాన్ని తయారుచేస్తుంది.

రేపు పొద్దున మంద విప్పకముందే కనురెప్పలు చూడండి. తెల్లబడిన వాటిని వేరు చేయండి. వాటి పెండ తీసి, పేరు, నంబరు రాసి, పది గంటలలోపు దవాఖానకు చేర్చండి. జ్వరమున్న ఆవుకు ఏ సూదీ పడకముందే చెవి చుక్క తీయించండి. పశువు లేవలేకపోతే 1962కు ఫోన్ చేయండి, అది సంచార పశువైద్య వాహనం నంబరు. జ్వరం ఎంత ఉంది, మూత్రం ఏ రంగులో పడింది, ఎప్పటి నుంచి మేత మానింది, ఇప్పటిదాకా ఏ మందు ఎంత పడింది, ఇవన్నీ ఉన్నదున్నట్టు చెప్పండి. దుకాణంలో కొన్నామని చెప్పడానికి మొహమాటపడకండి. డాక్టరు గారు కోప్పడినా సరే, చెప్పండి.